కోసేసిన మేకులు

దాచేపల్లి వైపు వాళ్ళకు మిద్దె అంటే నాపరాళ్ళ మిద్దె. కింద దూలం, పైన రాయి, సందులో ఇంత సున్నం. రాయి తన బరువుతో తానే కూర్చుంటుంది, దాన్ని పట్టి ఉంచే నాథుడు అక్కర్లేదు. తరాలుగా అలాగే కట్టారు, అలాగే నిలిచాయి. అందుకే ఆ మేస్త్రీని ఇప్పుడు తిట్టలేను. ఆ రోజు మాత్రం నోరారా తిట్టాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో తాడేపల్లిలో ఒక డిజైన్ ఆఫీసులో ఇంజినీరుగా చేరాను. దాచేపల్లి దగ్గర ఒక మిర్చి షావుకారు గోడౌన్‌లో పై అంతస్తు వేయించుకుంటున్నాడు. ఇనుప దూలాలు, వాటి మీద ముందే పోసి లారీలో తెచ్చిన కాంక్రీటు పలకలు. దూలం నెత్తిన వరసగా బొటనవేలు లావు మేకులు వెల్డింగ్ చేసి ఉంటాయి. పలకల మధ్య వదిలిన సందులో ఆ మేకులు నిలబడతాయి. సందు నిండా కాంక్రీటు పోస్తే దూలమూ పలకా ఒక్కటై బరువు మోస్తాయి. ఆ ధైర్యంతోనే మేం దూలాలు సన్నవి పెట్టాం. మేకులు లేకపోతే పలక జారుతుంది, దూలం ఒంటరిగా వంగుతుంది.

మాఘమాసంలో పని చూసి రమ్మని నన్ను పంపారు. వెళ్ళేసరికి పైన అప్పుడే మిర్చి బస్తాలు పేర్చేశారు. కింద నీడలో ఆడవాళ్ళు కూర్చుని కాయల తొడిమలు తీస్తున్నారు. గోడలింకా లేవలేదు. కాయలు పోసిన పట్టా గాలికి లేచిపోకుండా అంచుల మీద ఏవో ఇనుప ముక్కలు పెట్టుకున్నారు. ఒకటి చేతిలోకి తీసుకున్నాను. మా మేకే! గ్యాస్‌తో కోసిన చోట నల్లగా మాడి ఉంది.

“ఇవెక్కడివి?” అన్నాను.

“పైన అడ్డంగా ఉన్నాయంటమ్మా, మేస్త్రీ కోయించాడు. బరువుకి పనికొస్తాయని తెచ్చుకున్నాం,” అంది ఒకావిడ.

తలెత్తి చూశాను. పలకకూ దూలానికీ మధ్య పూసిన సిమెంటు పొడుగునా చిట్లింది. దూలం నడుము కంటికి కనపడేంత దిగింది. “లేవండి! బయటికి రండి!” అని అరిచాను.

“కాయలెవరికి ఒదిలేసి రమ్మంటావ్?” అని ఆవిడ నవ్వింది. రెక్క పట్టుకుని లాగాను. నా మొహం చూశాక మిగతావాళ్ళూ లేచారు.

అందరూ ఎండలోకి వచ్చాక షావుకారూ మేస్త్రీ వచ్చారు. మేస్త్రీ పెద్దాయన, మొహంలో బెదురే లేదు.

“మేకులెందుకు కోయించారండీ? బుద్ధుందా?” అన్నాను.

“ఆ మేకులుంటే పలకలు దగ్గరికి రావమ్మా, మధ్యలో జానెడు సందు. సందుంటే దాన్ని మిద్దె అంటారా? నున్నగా కలిపేశా. పలక బరువుకి పలకే కూర్చుంటది.”

“దూలం వంగింది, చూడండి!”

“కొత్త ఇనుము, కాస్త దిగుద్ది. మన ఊళ్ళో కొత్త కల్యాణమండపానిక్కూడా ఇట్టాంటి పలకలే, అక్కడా ఇట్టాగే కోయించా. ఇయ్యాళ కూడా పెళ్ళుంది, ఈపాటికి పైన భోజనాలకి మొదటి బంతి కూర్చునుంటది. ఏమన్నా అయిందా?”

నేను మేస్త్రీ చెయ్యి పట్టుకుని చిట్లిన సిమెంటు చూపించాను. ఆయన చాలాసేపు చూశాడు. “అక్కడా ఇట్టాగే చిట్లింది,” అన్నాడు మెల్లగా. “సున్నం వేసి మూసేశా.”

షావుకారు జీపు తీసేలోపే మేస్త్రీ మండపం వైపు రోడ్డు మీద పరుగెడుతున్నాడు. దారిలో ఎక్కించుకున్నాం.

విస్తరి ముందు కూర్చున్న మనిషిని లేపడం మహాపాపమంటారు. ఆ పెద్దాయనే మండపం మెట్లెక్కి, చేతులు జోడించి, తింటున్నవాళ్ళను ఒక్కో వరసే లేపాడు. పెళ్ళికూతురి తండ్రి వచ్చి ఆయన్ని చెంప మీద కొట్టాడు. ఆయన చెంపైనా తడుముకోలేదు. పక్క వరస లేపడానికి వెళ్ళాడు.