నాపరాళ్ళ గనిలో నాలుగు దిక్కులు

పెద్దకర్మ అయి చుట్టాలంతా వెళ్ళిపోయిన మర్నాడు సాయంత్రం, సత్తెనపల్లి వైపు నుంచి వచ్చిన బస్సు దిగి ఒక ముసలాయన మా ఇంటికి వచ్చాడు. కళ్ళకు ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు పెట్టుకునే మందపాటి అద్దాలు, చేతికర్ర, భుజాన గుడ్డ సంచీ. మనవడు తోడొస్తానంటే వద్దని ఒక్కడే బయలుదేరాడట. వరండాలో కుర్చీ వేస్తే కూర్చోలేదు. గోడ దగ్గరికి వెళ్ళి మా వారి ఫొటోను చాలాసేపు చూశాడు. తర్వాత నా వైపు తిరిగి, "చెల్లెమ్మా, ఈ ఇంటి డాబాకు మెట్లున్నయ్యా?" అని అడిగాడు. ఉన్నాయన్నాను. "ఇది మార్గశిరమే గదా," అన్నాడు. ఆ పన్నెండు రోజులూ మా ఇంట్లో అందరూ తిథులు లెక్కపెడుతూనే ఉన్నారు. ఏ నెల నడుస్తున్నదో మాత్రం నాకు ఆయన అనేదాకా తోచలేదు.

ఆయన మాచర్ల బజారులో గడియారాలు బాగుచేసేవాడు. ఊరంతా గడియారాల సాయిబు అనేవాళ్ళు. నేను కొత్త కోడలిగా ఆ ఊరు వచ్చేసరికి మా వారు హైస్కూల్లో లెక్కల మాస్టారు. సాయిబు కొట్టు ముందు బల్ల మీద రోజూ సాయంత్రం మా వారు, సాయిబు, పక్కనే కిరాణా కొట్టు ఉన్న శెట్టిగారు కూర్చునేవాళ్ళు. మా వారి దగ్గర మద్రాసులో చదివే రోజుల్లో కొన్న నక్షత్రాల పటం ఒకటి ఉండేది. ముందు దానితో ఆయన ఒక్కరే ఆకాశం చూసేవారు. తర్వాత సాయిబు చేరాడు. తను బాగుచెయ్యనక్కరలేని గడియారం ఆ ఆకాశం ఒక్కటేనని చెప్పేవాడు. శెట్టిగారి కారణం వేరు. ఆయనకు కడుపులో మంట, నిద్ర పట్టదు. "పడుకుని దూలాలు చూసే బదులు చుక్కలన్నా చూస్తా మాస్టారూ. దూలాలు రాలితే ప్రమాదం, చుక్కలు రాలితే ఏముంది," అన్నాడట.

చుక్కలు రాలడం కోసమే వాళ్ళు చలికాలంలో ఊరి బయటికి వెళ్ళేవాళ్ళు. మార్గశిరం వచ్చే రోజుల్లో పునర్వసు నక్షత్రం ఉన్న వైపు నుంచి ఉల్కలు బాగా పడతాయి. ఊళ్ళో కరెంటు దీపాలు లేకపోయినా లాంతర్ల వెలుగు ఉంటుంది, పొయ్యిల పొగ ఉంటుంది. అందుకని పాడుబడిన నాపరాళ్ళ గనిని ఎంచుకున్నారు. అక్కడ రాయి తీయగా మిగిలిన బండ మంచం పరిచినట్టు చదునుగా ఉండేది. పగటి ఎండకు కాగిన వేడి భోజనాల వేళ దాటినా వీపుకు తగిలేది. గని లోపల పడుకుంటే ఊరు కనపడదు, ఊరికి వాళ్ళు కనపడరు. వాళ్ళకు కావలసింది మొదటిది. ఊరికి అనుమానం వచ్చింది రెండోదాని వల్ల.

మొదటి అనుమానం మా ఇంట్లోనే పుట్టింది. మా అత్తగారు ఎవరినీ ఊరికే నమ్మే మనిషి కాదు. పాలు పోసే మనిషి చెంబు వంచితే అడుగు చూసేది. చాకలి మూట విప్పితే బట్టల అంచులు చూసేది. సాయిబు మీద ఆమెకు ప్రత్యేకమైన అనుమానం ఉంది. పోయిన మామగారి జేబు గడియారం ఆగిపోతే అతనికిచ్చి బాగుచేయించింది. ఆ తర్వాత అది కాస్త ముందుకు పరుగెత్తేది. లోపల మంచి చక్రం తీసుకుని పాతది పెట్టాడని ఆమె తీర్మానం. అలాంటి మనిషితో కొడుకు ఊరి బయటికి పోతున్నాడంటే పేకాటో, సారానో, అంతకంటే చెడ్డదో అయివుంటుందని నన్ను పిలిచి చెప్పింది. "చుక్కలంట. మన ఇంటి మీద లేవా చుక్కలు? గని మీదనే ఉన్నయ్యా? నువ్వు గూడా పో. పోయి ఏం చేస్తున్నారో చూసి నాకు చెప్పు," అంది. కొత్త కోడల్ని ముగ్గురు మగవాళ్ళతో గనికి పంపడం బాగుండదని ఆమెకే తట్టింది. చివరకు కంబళి కప్పుకుని తనూ బయలుదేరింది.

నేను గూఢచారిగా వెళ్ళి మనిషి లోటు తీర్చాను. వాళ్ళు తలలు నాలుగూ మధ్యకు వచ్చేలా, కాళ్ళు నాలుగు దిక్కులకు చాపి పడుకోవాలని మా వారి ఏర్పాటు. ఒక్కొక్కరికి ఒక దిక్కు. అంతదాకా ముగ్గురే కనుక పడమర ఖాళీగా ఉండేది. దిక్కులు మొదటి ఏడే చింతపిక్కలు వేసి పంచుకున్నారు. తూర్పు మా వారికి, ఉత్తరం సాయిబుకు, దక్షిణం శెట్టిగారికి వచ్చింది. పడమర నాకిచ్చారు. నియమం ఒక్కటే. ఎవరి దిక్కు వాళ్ళు చూడాలి. పక్కవాళ్ళు ఎంత గొప్ప ఉల్కను చూసినా తల తిప్పకూడదు. తిప్పితే ఆ క్షణంలో మన వైపు పడింది పోతుంది. "అదిగో" అనడం నిషేధం, ఆ మాట వింటే ఎవరికైనా తల తిరుగుతుంది. ఉల్క కనపడినప్పుడు దిక్కు పేరు చెప్పాలి, అంతే. మా వారు "తూర్పు" అనేవారు. కాసేపటికి సాయిబు "ఉత్తరం" అనేవాడు. శెట్టిగారి వైపు నుంచి గురక వినపడితే ఎవరో కాలితో తట్టేవాళ్ళు. "దక్షిణం," అనేవాడు ఉలిక్కిపడి. "కలలో పడిందా శెట్టీ?" అనేవాడు సాయిబు. మనం చూడనిదాన్ని పక్కమనిషి చూశాడంటే నమ్మడం తప్ప దారి లేదు. మా వారు గడియారం చూసుకోవడానికి టార్చిలైటు వెలిగించేవారు. కళ్ళకు చీకటి అలవాటు పోకుండా దాని మూతికి గాలిపటాల ఎర్రకాగితం కట్టారు.

మా అత్తగారు ఒక రాతి మీద మాకెదురుగా కూర్చునేది. ఆకాశం వైపు తలెత్తేది కాదు. చుక్క రాలడం చూడకూడదని, చూసినా పైకి చెప్పకూడదని ఆమె పట్టింపు. "మీరేమో రాలిన ప్రతిదానికీ కేకలేస్తున్నారు. ఎవరి ఇంటి మీదికి వస్తదో," అనేది. ఏ తప్పూ కనపడకపోయేసరికి ఆమె అనుమానం తగ్గుతుందనుకున్నాను. పెరిగింది. తను వచ్చిందని జాగ్రత్తపడుతున్నారంది. అందుకని ప్రతిసారీ వచ్చేది.

స్వాతంత్ర్యం వచ్చిన ఏటి చలికాలం సంగతి ఇది. మాకు వచ్చింది గానీ కృష్ణ అవతల రాలేదు. అక్కడ నైజాం రాజ్యం, రజాకార్ల భయం. పడవల మీద జనం ఇవతలికి వచ్చి మా ఊళ్ళో తెలిసినవాళ్ళ పశువుల కొట్టాల్లో తలదాచుకునేవాళ్ళు. వాళ్ళు చెప్పే మాటలు విని ఊళ్ళో అందరూ ఒకళ్ళ వంక ఒకళ్ళు కొత్తగా చూడడం మొదలుపెట్టారు. పోలీసు క్యాంపు పడింది. కమ్యూనిస్టుల కోసమూ చూసేవాళ్ళు, రజాకార్ల మనుషుల కోసమూ చూసేవాళ్ళు. సాయిబు కొట్టుకు గడియారాలు రావడం తగ్గింది. అతని తాతలది మా ఊరే. అయినా అవతల చుట్టాలున్నారట కదా అని మెల్లగా అనేవాళ్ళు. శెట్టిగారి కొట్టుకు వచ్చినవాళ్ళు పక్క కొట్టు వైపు కన్ను వేసి గొంతు తగ్గించేవాళ్ళు. ఆ రోజుల్లో మళ్ళీ మార్గశిరం వచ్చింది. అమావాస్య వెళ్ళిన కొత్త, చంద్రుడి బెడద లేదు. అలాంటి ఏడు మళ్ళీ ఎప్పటికోగాని రాదని మా వారు పట్టుబట్టారు. వెళ్ళాం. అన్ని ఉల్కలు నేను అదివరకు చూడలేదు. నాలుగు దిక్కుల పేర్లు ఒకదాని మీద ఒకటి వినపడ్డాయి. శెట్టిగారు కూడా మేలుకునే ఉన్నాడు.

మర్నాడు పగలు పోలీసులు వచ్చి ముగ్గురినీ తమ క్యాంపు ఉన్న బంగళాకు తీసుకుపోయారు. గనిలో ఎర్రదీపం వెలిగి ఆరిందని, నది అవతలి వాళ్ళకు సైగలు చేశారని ఎవరో చెప్పారు. ఎవరు చెప్పారో ఈనాటికీ తెలియదు. ఊళ్ళో ఫలానా మనిషి ఎదురుపడినప్పుడల్లా ఇతనేనేమో అనుకుంటూ చాలా ఏళ్ళు గడిపాను. ఆ మనిషి కూడా పోయాడు. అతను కాకపోయి ఉండవచ్చు.

ఇన్‌స్పెక్టరు వేరే జిల్లా మనిషి. ముగ్గురినీ విడివిడిగా కూర్చోబెట్టి, చుక్కలే చూస్తే ఏం చూశారో చెప్పమన్నాడు. తూర్పున పచ్చని ఉల్క ఒకటి పొగలాంటి గీత వదిలి పోయిందని, అంత పెద్దది ఎప్పుడూ చూడలేదని మా వారు చెప్పారు. సాయిబును అడిగితే పచ్చనిది తను చూడలేదన్నాడు. తెల్లనివి, సన్ననివి, వరసగా చాలా పడ్డాయన్నాడు. శెట్టిగారు భయపడిపోయి ఉన్నాడు. "నాది దక్షిణం సార్. ఉత్తరాన ఏం జరిగిందో నాకు తెలవదు," అన్నాడు. నిజమే చెప్పాడు. కాని ఆ గదిలో ఆ మాటకు వచ్చే అర్థం వేరు. పక్కపక్కన పడుకున్న ముగ్గురికి మూడు ఆకాశాలు కనపడ్డాయంటే ముగ్గురూ అబద్ధమన్నా చెబుతుండాలి, లేకపోతే ఒకడి పనిని ఇద్దరు దాస్తుండాలి. పైగా నది ఉన్నది ఉత్తరాన. ఉత్తరం వైపు కాళ్ళు చాపింది సాయిబు. చింతపిక్కల సంగతి చెబితే ఇన్‌స్పెక్టరు నవ్వాడట. సాయంత్రానికి మా వారినీ శెట్టిగారినీ వదిలేశాడు. సాయిబును మాత్రం తెల్లారి గుంటూరు పంపిస్తానన్నాడు. అలా గుంటూరు వెళ్ళినవాళ్ళు ఎప్పుడు తిరిగి వస్తారో అప్పట్లో ఎవరూ చెప్పలేకపోయేవాళ్ళు. అతనికి ఇంట్లో నెలలు నిండిన భార్య ఉంది.

మా వారు ఇంటికొచ్చి అన్నం ముట్టుకోలేదు. సంగతంతా అత్తగారు గుమ్మంలో నిలబడి వింది. "నిన్నొదిలారు గదా, ఇంకేంది?" అంది. ఆమె కాసేపు అటూ ఇటూ తిరిగి, కంబళి తీసుకుని, "పదవే," అంది నాతో. ఎక్కడికని అడిగే ధైర్యం నాకు లేదు. ఆమె సాయిబు మీద మరో ఫిర్యాదు చెయ్యడానికి వెళ్తున్నదనే అనుకున్నాను. బంగళాకు వెళ్ళాక నా భయం ఇంకా పెరిగింది. ఇన్‌స్పెక్టరు ఏం కావాలంటే ఆమె మొదట అన్న మాట, "ఆ సాయిబు మా ఇంటాయన గడియారంలో చక్రం మార్చినోడు, ముందు అది రాసుకో."

ఇన్‌స్పెక్టరు ఆసక్తిగా కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

"రాత్రి నువ్వు గూడా గనిలో ఉన్నావా?"

"ఉన్నా."

"చుక్కలు చూశావా?"

"చుక్కలు రాలేది నేనెందుకు చూస్తా? వాళ్ళు ఆకాశం చూశారు, నేను వాళ్ళను చూశా."

"అంటే?"

"ఆ మనిషి మీద నాకు నమ్మకం లేదు నాయనా. పోయిన ఏటి నుంచీ వాడి చేతుల మీదనే ఉంది నా కన్ను. ఎప్పుడు ఏం తీస్తాడో, ఎవరికి ఏమిస్తాడో అని. రాత్రి పడుకున్నకాణ్ణుంచి లేచిందాకా ఆ చేతులు దుప్పట్లోనుంచి బయటికి రాలా. వస్తే నేను పట్టుకునేదాన్ని. దీపం మావోడి కాడ ఉంది, గడియారం చూసుకునేదానికి. నీకు అనుమానం నిన్న వచ్చింది. నాకు ఏడాది నుంచీ ఉంది. నాకు దొరకనిది నీకేం దొరుకుద్ది?"

ఇన్‌స్పెక్టరు నా వైపు తిరిగాడు. దిక్కుల పంపకం గురించి నన్ను అడిగాడు. నాది పడమర అని, తూర్పున ఏం పడిందో నాకు తెలియదని చెప్పాను. నియమం వివరించాను. వెనక నిలబడ్డ హెడ్డుకానిస్టేబులు, "పహరా కూడా అట్టాగే గదండీ సార్, ఎవరి మూల వాళ్ళది," అన్నాడు. దీపాలు పెట్టే వేళకు సాయిబును వదిలేశారు. గనికి ఇక వెళ్ళవద్దని చెప్పి టార్చికున్న ఎర్రకాగితం చింపి తమ దగ్గర పెట్టుకున్నారు. దారిలో సాయిబు మా వెనక నడిచాడు. ఇల్లు వచ్చాక, "పెద్దమ్మా, ఆ గడియారం ఒకసారి ఇయ్యి, చూసి పెడతా," అన్నాడు. "ఇంకో చక్రం తీసుకునేదానికా," అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది. మళ్ళీ ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు. అతన్ని నమ్మనూ లేదు.

కొట్టుకు గడియారాలు మాత్రం తిరిగి రాలేదు. మరుసటి ఏడు అతను సత్తెనపల్లి వెళ్ళి అక్కడ కొట్టు పెట్టుకున్నాడు. చలికాలంలో వీలున్నప్పుడు వచ్చేవాడు. మాచర్లలో అప్పటి మా ఇంటి నాపరాళ్ళ కప్పు మీదే పడుకునేవాళ్ళం. ముందు శెట్టిగారు పోయాడు. తర్వాత అత్తగారు పోయింది. దక్షిణం ఖాళీ అయింది, ఎదురుగా కూర్చుని మమ్మల్ని చూసే మనిషి లేకుండా పోయింది.

పెద్దకర్మ తర్వాత ఆయన వచ్చిన ఆ సాయంత్రం, భోజనాలయ్యాక సాయిబు అన్నయ్యను నెమ్మదిగా డాబా మెట్లెక్కించాను. చాప పరిచాను. ఆయన ఉత్తరం వైపు కాళ్ళు చాపుకున్నాడు. ఆకాశం చూస్తూనే, "పెద్దమ్మ అన్నది నిజమే చెల్లెమ్మా. చక్రం మార్చా. పాతది అరిగిపోయింది. చెబితే కొత్తదానికి డబ్బులిచ్చేదాకా ఆమె నిద్రపోదు. మొగుడు పోయిన మనిషి, ఎందుకులే అని చెప్పలా," అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. ఆమె ఉంటే ఎంత తృప్తిపడేదో.

తర్వాత ఎవరి దిక్కు వాళ్ళం చూశాం. ఆయన ఒకసారి "ఉత్తరం" అన్నాడు. ఆ కళ్ళకు నిజంగా కనపడిందో లేదో నాకు తెలియదు, నమ్మాను. నేను ఒకసారి "పడమర" అన్నాను. తూర్పు వైపు మేమిద్దరం తల తిప్పలేదు. అది వేరొకరిది. ఇన్నేళ్ళూ అటు ఏం జరిగిందో మా వారు చెబితేనే నాకు తెలిసేది. ఇప్పుడు కూడా అటు రాలుతూనే ఉండాలి. చెప్పే మనిషి ఆగిపోయాడు గానీ కాలం ఆగలేదని, ఆ పక్క నుంచి ఏ మాటా రాకపోయినా నమ్ముతున్నాను.