పోతరాజు కన్ను కొట్టలేదు

ఆషాఢం ఆదివారం ఉప్పల్‌లో బస్సు దిగగానే పసుపు, వేపాకు కలిసిన వాసన తగిలింది. చిన్నప్పటి నాచారం బోనాలు గుర్తొచ్చాయి.

ఒక ఏడు బోనాల ఊరేగింపులో అమ్మవారి ముందు ఆడే పోతరాజు మా చిన్నాయనే. ముందురోజు నన్ను భుజమ్మీద ఎక్కించుకుని, "ముంగట నిలబడు బిడ్డా, నిన్ను జూసి కన్ను గొడత" అన్నాడు. ఆ మాట బడిలో అందరికీ చెప్పాను. ఊరేగింపు నాడు, చూద్దామని నా స్నేహితురాలు సుజాత పక్కనే నిలబడింది.

డప్పుల మధ్య, ఒంటినిండా పసుపుతో, నడుముకు వేపమండలతో ఊగుతూ వచ్చాడు. నేను చేయి ఊపాను. నాలుగడుగుల దూరంలో ఆగి, నా ముఖంలోకే చూస్తూ కొరడా ఝళిపించి వెళ్లిపోయాడు.

"గాయిన నీ చిన్నాయననా? నిన్ను గుర్తే పట్టలే!" అని సుజాత పడీపడీ నవ్వింది.

సాయంత్రం పసుపు కడుక్కుంటూ ఆయనే అడిగాడు: "ఏంది బిడ్డా, రాలేదా? యాడా కనబడకపోతివి."

ఇంత అబద్ధమా అనుకున్నాను. చాలా రోజులు ఆయన భుజం ఎక్కలేదు.

పూనకంలో ఉన్నవాళ్లకు ఎదుటి మనిషి కంటికి ఆనడని పెద్దయ్యాక తెలిసింది. ఆయన అబద్ధం చెప్పలేదు. తప్పు ఎవరిదీ కాదని తెలిశాక కూడా ఆ కోపం మాత్రం పోలేదు.