కొత్త రూలు

పాలకొల్లులో బట్టల కొట్టు మేడమీద ఆదివారాలు మాచేత పాచికలతో కథల ఆట ఆడించిన షావుకారు గారు, ఆటలో సొంత భార్యని కూడా ‘మీరు’ అనేవారు.

ఆయన దగ్గరున్న ఆట రూళ్ల పుస్తకం పాత ఎడిషన్. అందులో మన పాత్ర ప్రాణం సున్నాకి వస్తే చచ్చిపోయినట్టే. కొత్త ఎడిషన్‌లో పడిపోయినవాళ్లకి బతకడానికి ఇంకోసారి పాచిక వేసే అవకాశం ఇచ్చారని చెప్పినా వినలేదు. "చావు భయం లేకపోతే ధైర్యానికి విలువేముందండీ?" అనేవారు.

గుండె ఆపరేషన్ తర్వాత వాళ్లావిడ మళ్లీ ఆటకొచ్చిన రోజున, ఆవిడ ఆడుతున్న రాణి పాత్ర రాక్షసుడి దెబ్బకి పడిపోయింది. "అయిపోయిందిగా నా పని," అని నవ్వుతూ లేవబోయారు.

షావుకారు గారు నవ్వలేదు. పాచిక ఆవిడ చేతిలో పెట్టి, "కూర్చోండి. కొత్త రూలుందండి, వెయ్యండి," అన్నారు.

ఆవిడ వేశారు. ఆయన కళ్లు మూసుకున్నారు. మేం చప్పట్లు కొడితే గాని తెరవలేదు.