దారం పేర్లు నేర్పిన బావ

దారానికి నాకు నాలుగు పేర్లు తెలుసు. ఇంట్లో దారం. బోధన్‌లో నేను పని నేర్చుకున్న ఉస్తాద్ దుకాణంలో ధాగా. గల్ఫ్‌లో మేం పనిచేసిన కుట్టు దుకాణంలో యజమాని కొడుకు నోట థ్రెడ్, యజమాని నోట ఖేత్. చివరి రెండూ నేర్పింది మా బావ, మా అక్క మొగుడు. ఆ మాటలతో పాటు అతని మీద మంట కూడా నాకు అక్కడే పుట్టింది. ఇప్పటికీ ఆరలేదు. ఆర్పుకుందామని నేను ప్రయత్నించిందీ లేదు.

చక్కెర ఫ్యాక్టరీ నష్టాల్లో పడ్డాక బోధన్‌లో దర్జీలకు పండగ రోజుల్లో తప్ప పని ఉండేది కాదు. అప్పటికే గల్ఫ్‌లో ఉన్న బావ నాకు వీసా తీశాడు. ఆ సంగతి అక్క ఇప్పటికీ ఏదో ఒక వంకన గుర్తు చేస్తుంది. నేను మర్చిపోతే కదా.

దుకాణంలో అడుగుపెట్టిన మొదటి పూట బావ కత్తెర తీసి నా చేతికివ్వబోయాడు.

"దీన్ని మగస్ అంటరు. ఈడ కైంచి గీంచి అంటే నవ్వుతరు."

"బల్ల మీద పెట్టు బావా. చేతికియ్యొద్దు, కొట్లాటైతది," అన్నాను. మా ఉస్తాద్ దుకాణంలో కత్తెరను చేతి నుంచి చేతికి ఇచ్చిన పాపాన ఎవరూ పోలేదు. ఒకరు బల్ల మీద పెట్టాలి, ఇంకొకరు తీసుకోవాలి.

"గా ముచ్చట్లన్ని బోధన్‌ల ఇడిసిపెట్టి రావాలె," అని బావ కత్తెరను నా అరచేతిలో కుక్కాడు.

అప్పటి నుంచి పాఠాలు మొదలయ్యాయి. సూది ఇబ్ర. బట్ట గుమాష్. మిషన్ మకీనా. దర్జీ ఖయ్యాత్. సూదితో వేసే పూలపని తత్రీజ్. యజమాని కొడుకు వచ్చినప్పుడు అవే మళ్లీ ఇంగ్లీషులో. మనం తురుపాయి అనేది అతనికి హెమ్, కుట్టు స్టిచ్. నేను ఒకటి అనబోయి ఇంకొకటి అంటే బావ మిషన్ల మీది వాళ్లందరినీ పిలిచి మరీ నవ్వించేవాడు. పత్తి బట్టను గుత్న్ అంటారని చెప్పిన రోజు నాకు ఆశ్చర్యమేసింది.

"గుత్న్, కాటన్ ఒక్క తీర్గనే ఉన్నయి గద బావా. ఎవలకాడ ఎవలు నేర్సుకున్నరో?"

"నువ్వు దారం తెచ్చేటందుకు అచ్చినవా, పంతులు నౌకరికి అచ్చినవా?"

అంతే. మళ్లీ అడగలేదు. అతను నేర్పినవన్నీ నేను తెచ్చి ఇవ్వాల్సిన వస్తువుల పేర్లేనని నాకు చాలాకాలం తట్టలేదు. మనిషికీ మనిషికీ మధ్య నడిచే మాట ఒక్కటీ నేర్పలేదు. ఎవరు, నేను, చేశాను, తెలుసు, తెలియదు, ఇవేవీ లేవు. యజమానిని అక్కడ అర్బాబ్ అంటారు. మా అర్బాబ్ ముసలాయన, అరబ్బీ తప్ప వేరే ముక్క రాదు. ఆయన నాతో ఏమన్నా, నేను ఆయనతో ఏమన్నా బావ నోటి మీదుగానే పోవాలి. సొంత బావ కదా అనుకున్నాను. అక్క పసుపు కుంకుమల మీద ఉన్న గౌరవమంతా అతని నోటి మీద కూడా పెట్టుకున్నాను.

దారాల కోసం నన్ను బజారుకు పంపేవాడు. ఎండకు తలమాడేది, అయినా ఆ దుకాణానికి పోవడం నాకిష్టం. గోడ నిండా రీళ్లు. అక్కడి వ్యాపారికి మాటల పిచ్చి, వచ్చినవాళ్లను కూర్చోబెట్టి చాయ్ తాగించేవాడు. నేనూ ఒక మూల కూర్చుని చాయ్ తాగుతూ వినేవాణ్ణి. ఆడవాళ్లు వచ్చి పక్కవాళ్ల గౌను చూపించి ఎవరు చేశారని అడిగేవాళ్లు. మిన్ అంటే ఎవరు. అనా అంటే నేను. సవ్వా అంటే చేశాడు. యఅరిఫ్ అంటే తెలుసు, ముందు మా పెడితే తెలియదు. చిన్నప్పుడు వీధిలో ఉర్దూ ఎలా ఎక్కిందో ఇదీ అలాగే ఎక్కింది. బావకు చెప్పలేదు. చెబితే నవ్వుతాడని మొదట చెప్పలేదు. తర్వాత చెప్పకపోవడానికి వేరే కారణం వచ్చింది.

ఒక పెద్దింటి పెళ్లికూతురి గౌను దుకాణానికి వచ్చింది. కటింగ్ బావది, మెడ చుట్టూ తత్రీజ్ నాది. ఏ బొమ్మ వెయ్యాలో ఎవరూ చెప్పలేదు. నా చేతికి వచ్చింది వేశాను. మా ఇంటి వెనక తోటలో చూసిన చెరుకాకు. పొడుగ్గా లేచి కొసన వంగే ఆకు, నడుమ తెల్లటి ఈనె. ఆకు జరీతో గొలుసు కుట్టు, ఈనె తెల్లటి పట్టుదారం. అంత మనసుపెట్టి అంతకు ముందు ఏదీ కుట్టలేదు. దాన్ని కుడుతున్నన్నాళ్లు ఇల్లు కూడా గుర్తుకు రాలేదు, నిజం చెబుతున్నాను.

అర్బాబ్ ఆ గౌనును వెలుతురులోకి పట్టుకుపోయి మెడ మీద వేలితో తడిమి చూశాడు. వెనక్కి తిరిగి అడిగాడు.

"మిన్ సవ్వా హాదా?"

ఇది ఎవరు చేశారు? నాకు అర్థమైంది. బావ ఒక అడుగు ముందుకేశాడు.

"అనా," అన్నాడు.

అర్బాబ్ ఆ ఆకేమిటని అడిగాడు. బావ ఏమాత్రం తడుముకోలేదు, ఖర్జూరపు ఆకు అన్నాడు. ముసలాయన ముఖం వెలిగిపోయింది. గడ్డంతో నా వైపు చూపించి ఇంకేదో అడిగాడు. బావ పెదవి విరిచాడు.

"హాదా మా యఅరిఫ్ షై."

వీడికేమీ తెలియదు. ఆ మాటన్నవాడు నా వైపు తిరిగి, ఎంతో నొచ్చుకున్నట్టు ముఖం పెట్టి నాకు తెలుగు చేశాడు.

"కుట్టు వంకరున్నదంటుండు బామ్మర్దీ. జర సూస్కోని కుట్టు. నేనే ఎట్లనో సర్దిచెప్పిన."

సొమ్మొకడిది సోకొకడిది అంటారు. ఆ సామెత ఎందుకు పుట్టిందో ఆ రోజు కళ్లారా చూశాను. నేను తల ఊపాను. అరవాలనిపించింది, అరవడానికి మాటలూ ఉన్నాయి. కాని నేను నోరు తెరిస్తే అర్బాబ్ బావను దుకాణంలోంచి వెళ్లగొడతాడు. ఇంటి దగ్గర అక్క ఉంది, చంకలో పిల్ల ఉంది. మింగేశాను. మింగింది అరిగిపోలేదు.

ఆ గౌనుతో బావ దుకాణానికి మాస్టర్ అయ్యాడు. నాకు ఇస్త్రీ పెట్టె వచ్చింది. అక్కణ్ణుంచి తిరిగి వచ్చేదాకా ఇతరులు కుట్టిన బట్టల ముడతలు తీస్తూ బతికాను. సూది పట్టనివ్వలేదు. ఎప్పుడైనా అడిగితే బావ లోపలికి పోయి వచ్చి, "వద్దంటుండు," అనేవాడు. అతను లోపల అడిగిందే లేదని నాకు తెలుసు. తలుపు పక్కన ఇస్త్రీ చేస్తున్నవాడికి అన్నీ వినపడతాయి.

తిరిగొచ్చి బోధన్‌లో చిన్న దుకాణం పెట్టుకున్నాను. మూణ్ణెల్ల దాకా సూదిలో దారం ఎక్కించాలంటే నాలుగుసార్లు గురి తప్పేది. తర్వాత చెయ్యి కుదుటపడింది. బావ కూడా కొన్నాళ్లకు వచ్చి నిజామాబాద్‌లో ఒక గది తీసుకున్నాడు. గల్ఫ్ పోయే దర్జీలకు అరబ్బీ, ఇంగ్లీషు మాటలు నేర్పుతాడట. ఒకసారి అక్కను చూడబోయి ఆ గదిలోకి తొంగిచూశాను. గోడకు పెద్ద ఫ్రేము. అందులో నా గౌను పట్టుకుని బావ పళ్లు ఇకిలిస్తున్నాడు. కింద "ఖర్జూరపు ఆకు డిజైన్" అని రాయించాడు. ఆ పూట అక్క పెట్టిన అన్నం నాకు సహించలేదు.

మొన్న వాళ్ల బిడ్డ పెళ్లి కుదిరింది. వరుడిది ధర్మాబాద్ వైపు, మరాఠీ వాళ్లు. అక్క కనుము, అంటే రవిక గుడ్డ, పట్టుకుని మా దుకాణానికి వచ్చింది.

"తమ్మీ, పెండ్లి రవిక మేనమామ చేతులకెల్లి రావాలె. నువ్వే కుట్టు."

"బావ పెద్ద మాస్టర్ గద. ఆయన్నే కుట్టమను."

"గా పాత పంచాది నాకెందుకురా? నా బిడ్డకు నువ్వు మామవా కాదా?"

పంచాయితీ ఏమిటో ఆమెకు తెలియనే తెలియదు. బామ్మర్దికి తలపొగరని బావ ఏదో చెప్పి ఉంటాడు. ఆమె పోయాక నా భార్య అంది, "కుట్టుండ్రి. పోరి మీద ఏం కోపం? కాని గీసారి కూడ ఆయినె పేరే అస్తే నాకు సెప్పకుండ్రి, నేను ఇనలేను."

కుట్టాను. రెండు చేతుల అంచుకీ చెరుకాకే వేశాను. అదే వంపు, అదే జరీ, అదే తెల్లటి ఈనె. బావ చూడాలనే వేశాను. నా చేతిని అతను ఒప్పుకుంటాడా లేదా, నాకు అదొక్కటే కావాలి. ఇంత వయసొచ్చాక ఒక్కసారి నలుగురిలో "మా బామ్మర్ది చేసిండు" అంటే చాలు, మిగతాదంతా వదిలేద్దామనే అనుకున్నాను.

పెళ్లి బోధన్ దగ్గరి వర్నిలో, ఫంక్షన్ హాల్లో. తలంబ్రాలయ్యాక పిల్ల మా దగ్గరికొచ్చి నిలబడింది. ఒక పక్క అక్క, ఒక పక్క బావ, వెనక నేను. వరుడి తల్లి పిల్ల చేయి పట్టుకుని రవిక అంచు మీద వేలితో తడిమింది. అచ్చం అర్బాబ్ తడిమినట్టే.

"హే కోణీ శివలం?"

ఇది ఎవరు కుట్టారు? బోధన్ అంగడిలో పెరిగినవాడికి ఆ మాత్రం మరాఠీ ఎవరూ నేర్పక్కర్లేదు. నేను బావ ముఖమే చూస్తున్నాను. అతను ఆకును చూశాడు. గుర్తుపట్టాడు. కళ్లు ఒక్క క్షణం నా మీదికి వచ్చి పోయాయి.

"మీచ్ శికవలం," అన్నాడు. నేనే నేర్పాను.

ఆమె ఆకును ఇంకా దగ్గరగా చూసి, "ఉసాచం పాన్?" అంది. చెరుకు పండించే ఊరి మనిషి, చెరుకాకును ఇట్టే పోల్చుకుంది.

"నై నై, ఖజూర్. అరబ్ కా డిజైన్," అని బావ నవ్వాడు.

నాకు అప్పుడు కోపం కూడా రాలేదు. రెండడుగులు ముందుకేసి, అతని భుజం మీద చెయ్యేసి, నవ్వుతూ, అరబ్బీలో, ఒక్కో మాటా విడివిడిగా అన్నాను.

"హాదా మా యఅరిఫ్ షై."

బావ భుజం నా చేతి కింద బిగుసుకుపోయింది. మెల్లగా నా వైపు తిరిగాడు. వీడికేమీ తెలియదన్న ఆ మాట నాకు ఎప్పటి నుంచి తెలుసో, ఆనాడు గౌను దగ్గర నేను ఎందుకు తల ఊపానో, తలుపు పక్కన ఇస్త్రీ చేస్తూ ఏమేం విన్నానో, అన్నీ ఒక్కటొక్కటే అతని ముఖంలోకి వచ్చాయి. పెళ్లివాళ్లు బావాబామ్మర్దుల సరసమనుకుని నవ్వారు.

"ఏమన్నవ్‌రా తమ్మీ?" అక్క ముఖం వెలిగిపోతోంది. మేమిద్దరం అలా కలిసి నిలబడడం ఆమె చూసి ఎన్నాళ్లయిందో.

"బావ అసొంటి పనిమంతుడు లేడన్న అక్కా. గావాల్నంటే బావనే అడుగు."

అక్క బావ వైపు తిరిగింది. "అవునా?"

అతను రవిక అంచు చూస్తూ తల ఊపాడు.

"అవును," అన్నాడు. "గదే అన్నడు."