మరాయన నా తరఫున ఇచ్చిన మాట

మరాయన పోయారని నాకు సరోజమ్మ ఫోన్ చేసి చెప్పింది. అంతకుముందు రెండేళ్ళుగా ఆమె నాకు ఫోన్ చేయలేదు, నేనూ చేయలేదు. "తెల్లారుజామున పోయినాడు. నీకు సెప్పాలో వద్దో తెలీక ఇంతసేపు ఊరికే ఉండాను. వస్తే రా, లేకుంటే లేదు" అని పెట్టేసింది. ఆఫీసు క్యాంటీన్‌లో చేతిలో ట్రేతో నిలబడి విన్నాను. బయలుదేరడానికి నాకు రెండు గంటలు పట్టింది. కారులో కూర్చున్నాను, దిగాను, మళ్ళీ కూర్చున్నాను. నేను ఆ సందులోకి వెళ్ళేసరికి ఆయన్ని తీసుకెళ్ళిపోయారు. వాకిలి కడిగిన నీళ్ళు ఇంకా కాలువలోకి పారుతున్నాయి.

ఆయన ఎవరో చదివేవాళ్ళకి తెలియదు కాబట్టి మొదటి నుంచీ చెప్తాను.

బెంగళూరు మహదేవపురలో టెక్ పార్కుల వెనక పాత ఊరు కొంచెం మిగిలి ఉంది. అక్కడ ఒక సందులో పిండిమర ఉంది. రాగులకి, గోధుమలకి ఒక యంత్రం, కారానికి వేరే యంత్రం. దాని యజమాని ఆయన. తాతల కాలం నుంచీ బెంగళూరులోనే ఉన్న తెలుగు కుటుంబం వాళ్ళది. వీధంతా ఆయన్ని మరాయన అనేవాళ్ళు. నేను పెద్దనాన్నగారూ అని పిలిస్తే నవ్వి, "గారు గీరు యాలమ్మా, పెద్దనాయనా అను సాలు" అన్నారు. అప్పటి నుంచి అలాగే పిలిచాను.

ఉద్యోగానికి ఈ ఊరు వచ్చిన కొత్తలో మా అమ్మ ఒంగోలు నుంచి ఎండుమిరపకాయలు పంపింది. వాటిని సంచీతో అలాగే తీసుకెళ్ళి మరలో పెట్టాను. ఆయన మూతి విప్పి చూసి, "తొడిమలు తీయలే. ఇట్లే పడితే రంగు సచ్చిపోతాది. కూసో" అని సంచీ గుమ్మం దగ్గర గుమ్మరించారు. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని తొడిమలు తీశాం. మధ్యలో ఒక కాయ విరిచి వాసన చూసి, "ఇది కళ్ళంలో ఉండంగా ఒక వాన తగిలినట్టుండాది" అన్నారు. ఇంటికొచ్చి అమ్మకి ఫోన్ చేసి అడిగితే, అవును, ఒక జల్లు పడింది, నీకెవరు చెప్పారు అంది. మర్నాడు వెళ్ళి ఆ సంగతి చెప్తే ఆయన ఏమీ గొప్పగా తీసుకోలేదు. "మిరక్కాయ అబద్ధం సెప్పదమ్మా. ఎండబెట్టినోళ్ళే సెప్తారు" అన్నారు.

పట్టిన కారాన్ని ఆయన అరచేతిలో వేసుకుని చూసేవారు కాదు. చేతి వెనకవైపు చిటికెడు వేసుకుని, నాలుక కొసతో అంటించి, కళ్ళు మూసుకుని కాసేపు ఆగేవారు. కారం ఆలస్యంగా రావాలట. "ముందే వచ్చేది కారం కాదు, గలాటా" అనేవారు. ముక్కుకి తువ్వాలు కట్టుకున్నా కనుబొమ్మలు మాత్రం ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. వాటి అసలు రంగు చాలా ఏళ్ళ వరకు నాకు తెలియదు.

ఆ మర దగ్గర డబ్బాలు పట్టుకుని వరుసలో కూర్చునే ఆడవాళ్ళే నాకు వ్యాపారం ఆలోచన ఇచ్చారు. ఒకామె చట్నీపొడులు చేసేది. ఒకామె కారప్పూస. సరోజమ్మ ఊరమిరపకాయలు. అందరూ చుట్టుపక్కల నాలుగిళ్ళకి అమ్ముకునేవాళ్ళు. ఆ నాలుగిళ్ళ అవతలే వేల ఫ్లాట్లు, కారం కోసం మొహం వాచిపోయిన మాలాంటి వాళ్ళు. వీళ్ళ వంటకాలన్నీ ఒకచోట పెట్టి ఒక యాప్‌లో అమ్ముదాం అన్నాను. కారంగా ఉండే తిండి తప్ప ఇంకోటి ఉండదు అందులో. వాళ్ళు నా వైపు చూడలేదు, మరాయన వైపు చూశారు.

ఆయన మర ఆపేసి అడిగారు. "వీళ్ళకేమన్నా అయితే జవాబు ఎవురు సెప్పేది?"

"నేను చెప్తాను" అన్నాను.

ఆయన ఆడవాళ్ళ వైపు తిరిగి, "ఈ పాప మాట నా మాటే అనుకోండి" అన్నారు. నా దగ్గర అప్పటికి ఒక ల్యాప్‌టాప్ తప్ప ఏమీ లేదు. ముప్పై మందికి పైగా చేరారు. వాళ్ళు నన్ను నమ్మి చేరలేదు. ఆయన్ని నమ్మి చేరారు.

జీతం లేదు, పేరు లేదు, కానీ మా సరుకు నాణ్యత చూసింది ఆయనే. ఒకసారి ఒకామె కారంలో రంగు కలిపి తెచ్చింది. ఆయన చేతి మీద వేసుకుని చూసి కేకలేయలేదు. "దీన్ని మా ఇంటికిచ్చి పోమ్మా. మా మనవరాలికి అన్నంలో పెడతాను" అన్నారు. ఆమె సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. మూడోరోజు కొత్త మిరపకాయలతో వచ్చింది. ఆయన ఏమీ జరగనట్టే పట్టి ఇచ్చారు.

నాలుగేళ్ళలో మేం హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఆఫీసు పెట్టుకునేంత అయ్యాం. తర్వాత పెద్ద పెద్ద వాళ్ళు ఇదే పని మొదలుపెట్టారు. నేను అలసిపోయాను. అలసిపోయానని అప్పుడు అందరికీ చెప్పుకున్నాను, అది నిజమే. కానీ ఎవరైనా వచ్చి దీన్ని నా చేతిలోంచి తీసుకుంటే బాగుండునని ఎదురుచూస్తున్నాననేది ఇంకా నిజం. ప్యాకెట్ తినుబండారాలు చేసే ఒక కంపెనీ వచ్చింది. వాళ్ళకి మా యాప్ కావాలి, పేరు కావాలి, కొనేవాళ్ళ జాబితా కావాలి. చేసే ఆడవాళ్ళు అక్కర్లేదు, వాళ్ళకి ఫ్యాక్టరీ ఉంది. వీళ్ళని ఒక ఏడాదైనా ఉంచండి అని నేను అడిగాను. కుదరదన్నారు. ఒక్క ఫోన్ కాల్‌లో ఆ మాట వదిలేశాను. రెండోసారి అడగలేదు.

సంతకాలకి ఇంకా నాలుగు రోజులుందనగా మరాయన మా ఆఫీసుకి వచ్చారు. అంతకుముందు ఎప్పుడూ రాలేదు. రెండు బస్సులు మారి, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని, మొహం శుభ్రంగా కడుక్కుని వచ్చారు. ఆయన కనుబొమ్మలు తెల్లవని అప్పుడే చూశాను. నేను చదువుతున్నది ఆ ఒప్పందమే. ల్యాప్‌టాప్ మూసేశాను.

"సరోజమ్మోళ్ళు ఏమో అంటాండారు. నువ్వు ఇదంతా ఎవురికో ఇచ్చేస్తాండావంట. నిజమా?"

"లేదు పెద్దనాయనా. ఎవరన్నారు?"

"సుమ్నే, ఊరికే మాట్లాడతారు జనం. నేనూ అదే సెప్పినా. అట్లేమన్నా ఉంటే ఆ పాప మొదట నాకు సెప్తాది అని." కాఫీ మొత్తం తాగారు. లేచేముందు అడిగారు. "మరి మిరక్కాయ తెప్పించుకోమందునా వాళ్ళని? ఏడాదికి సరిపడా ఇప్పుడే కొనాల. ఎండలు పోతే మళ్ళా దొరకదు."

"తెప్పించుకోమనండి" అన్నాను.

ఒప్పందం పూర్తయ్యేదాకా బయట ఎవరికీ చెప్పకూడదని నేను ముందే సంతకం చేసిన కాగితంలో ఉంది. రెండేళ్ళు ఆ వాక్యాన్ని పట్టుకుని బతికాను. కానీ ఆ కాగితం నన్ను అబద్ధం చెప్పమనలేదు. 'ఇప్పుడు ఏమీ చెప్పలేను పెద్దనాయనా' అని ఉంటే చాలు. వానజల్లు తగిలిన మిరపకాయని కనిపెట్టిన మనిషికి ఆ మాట అర్థం కాకపోతుందా? ఇక కొనమని చెప్పమని ఏ కాగితంలోనూ లేదు. అది నేను నా నోటితో అన్న మాట. ఆయన త్వరగా వెళ్ళిపోతే చాలనుకుని అన్నాను.

వాళ్ళు కొన్నారు. రంగుకి బ్యాడగి మిరపకాయ, ఘాటుకి గుంటూరు మిరపకాయ, ఎవరి వీలుకొద్దీ వాళ్ళు బస్తాలు దించుకున్నారు. మరాయన దగ్గరుండి బేరం చేశారట. నెల తిరగకుండా ఆడవాళ్ళందరి ఫోన్లకీ ఇంగ్లీషులో ఒక సందేశం వచ్చింది, ఇకపై మీ సరుకు తీసుకోబోమని. సరోజమ్మ కూతురు మర దగ్గర నిలబడి దాన్ని అందరికీ చదివి చెప్పింది.

ఆయన ఫోన్ చేస్తారని చూశాను. తిడతారని చూశాను. చేయలేదు. నేనూ వెళ్ళలేదు. వేరే ఉద్యోగంలో చేరాను. ఆ సందు ముందు నుంచి పోకుండా చుట్టు తిరిగి ఆఫీసుకి వెళ్ళడం అలవాటు చేసుకున్నాను. ఒకసారి సిగ్నల్ దగ్గర నా కారు పక్కనే ఆయన స్కూటర్ ఆగింది, ముందు ఒక మూట పెట్టుకుని ఉన్నారు. నేను తల వంచి ఫోన్ చూసుకున్నాను. ఆకుపచ్చ దీపం పడేదాకా, పడ్డాక కూడా చూస్తూనే ఉన్నాను. వెనక బండ్లు హారన్లు కొట్టాయి. ఆయన నన్ను చూశారో లేదో తెలియదు.

మరాయన పోయిన రోజు నేను వెళ్ళినప్పుడు ఆయన భార్య గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఆమెని పెద్దమ్మా అంటాను. నా చెయ్యి పట్టుకుని, "అప్పుడప్పుడు సందు కొస వరకూ సూసేవాడమ్మా, నువ్వేమన్నా వస్తాండావేమో అని" అంది. అందులో ఎత్తిపొడుపు లేదు. ఉన్నా బాగుండేది.

సరోజమ్మ నన్ను కారు దాకా సాగనంపుతూ మిగిలింది చెప్పింది. ఆ ఏడాది వాళ్ళ బస్తాలు పాడు కాకుండా ఆయన చేతనైనంత చేశారట. మర ముందు బల్ల వేసి వాళ్ళ ప్యాకెట్లు పెట్టారట. అది చాలక, ఆ వయసులో సంచీ భుజాన వేసుకుని అపార్ట్‌మెంట్ల చుట్టూ తిరిగారట.

"మీ అపార్ట్‌మెంటుకి కూడా వచ్చినాము, నేనూ ఆయనా" అంది.

నేను ఆగిపోయాను.

"గేటు కాడ సెక్యూరిటీ ఇడవలే. లోపల మీకు తెలిసినోళ్ళు ఎవురన్నా ఉంటే ఫోన్ చేయించండి అన్న్యాడు. నీ పేరు సెప్పుదామని నేనంటిని. 'వద్దులేమ్మా, ఆ పాపకి బేజారయితాది' అని, మాకెవురూ తెలీదప్పా అని వానికి సెప్పి, సంచీ ఎత్తుకున్న్యాడు."

కారు తలుపు మీద చెయ్యి వేసి నిలబడ్డాను. ఏడవడానికి కూడా నాకు అక్కడ హక్కు లేదనిపించింది. సరోజమ్మ ఇంకోటి కూడా చెప్పింది. సందేశం వచ్చిన రోజు ఆడవాళ్ళందరి ముందూ ఆయన "నా తప్పే" అన్నారట. ఆ ఒక్క మాట పట్టుకుని కొంతమంది, మరాయనకి ముందే తెలుసు, ఆ అమ్మాయితో మాట్లాడుకునే మనచేత కొనిపించాడు అనుకున్నారు. ఇప్పటికీ అనుకుంటున్నారు.

నేను ఇది రాస్తున్నది అందుకే. మంచి మనిషి అని పొగడటానికి నాకంటే తగినవాళ్ళు ఆ సందులో చాలామంది ఉన్నారు. ఆయన మీద పడ్డ ఆ మరక నాది. తుడవగలిగింది నేనొక్కదాన్నే, ఆయన బతికుండగా తుడవలేదు.

కర్మలన్నీ అయ్యాక పెద్దమ్మ మర తెరుస్తుందని తెలిసి పొద్దున్నే వెళ్ళాను. పది పన్నెండు మంది డబ్బాలతో కూర్చుని ఉన్నారు. మెట్టు కింద నిలబడి చెప్పాను. ఆయన ఆఫీసుకి వచ్చి అడిగారని, అమ్మడం లేదని నేను అబద్ధం చెప్పానని, కొనుక్కోమని కూడా నేనే అన్నానని.

కారప్పూస చేసే ఆమె అడిగింది. "అట్లయితే ఆయనకి తెలీదా?"

"తెలియదు. నేను తెలియనివ్వలేదు."

ఆమె చేతిలో డబ్బా కింద పెట్టింది. "నేను ఆయన మొహం మీదే అంటిని. నీకెంత ముట్టిందని."

"ఏమన్న్యాడు?" అంది సరోజమ్మ.

"నా డబ్బా తీసుకుని కారం పట్టిచ్చినాడు" అని ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఎవరూ నన్ను తిట్టలేదు, క్షమించామనీ అనలేదు. సరోజమ్మ, "ఇది రెండేండ్ల కిందట సెప్పుండాల్సింది. ఆయన ఇనేటప్పుడు" అంది. అవునన్నాను.

పెద్దమ్మ లేచి కారం యంత్రం మీద కప్పిన గోనె తీసింది. ఇన్ని రోజులు ఆగిన యంత్రం కదా, ముందు లోపల శుభ్రం కావాలని రెండు గుప్పిళ్ళ బియ్యం పోసి స్విచ్ వేసింది. యంత్రం ఒకసారి మూలిగి తిరగడం మొదలుపెట్టింది. కిందకి రాలిన పిండి తెల్లగా లేదు. ఆయన ఆఖరిసారి పట్టిన కారం ఎవరిదో, లోపల మిగిలిపోయింది, ఆ బియ్యప్పిండితో కలిసి లేత ఎరుపు రంగులో పడింది. మామూలుగా అయితే దాన్ని ఊడ్చి పారేస్తారు. పెద్దమ్మ దోసిలి పట్టింది. వరుసలో ఎవరో తుమ్మారు, తర్వాత ఇంకొకరు. ఆమె ఆ పిండిని అలాగే పట్టుకుని నిలబడి ఉంది, వేళ్ళ సందుల్లోంచి కొంచెం కొంచెంగా జారుతోంది.