కీబోర్డు ఊడదీసిన రోజు

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. నిజం చెప్పాలంటే మనుషుల మీద కూడా అంతంత మాత్రమే. ఏదైనా చెడిపోతే ఎవరు చెడగొట్టారా అనే ముందు చూస్తాను. ఆ బుద్ధి వల్ల ఒకామెకు చేసిన అన్యాయం ఇంకా మింగుడుపడక ఇది రాస్తున్నాను.

రెండువేల మూడులో పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీకి చిన్న ప్రోగ్రాం రాసిచ్చాను. పప్పు ఆరబెట్టే వేడిగదిలో హీటర్లను కంప్యూటరే నడుపుతుంది. ప్రోగ్రాం ఆగితే హీటర్లూ ఆగిపోతాయి.

ఆ కంప్యూటరు ముందు కూర్చుని దాన్ని చూసుకునే పెద్దాయన్ని అందరూ సింహాచలం మావ అనేవారు. ఒకసారి ఓ కూలీ ఆ గదిలో సొమ్మసిల్లి పడిపోయాక ఆయన ఒక పద్ధతి పెట్టాడు. ట్రేలు తీయడానికి లోపలికి వెళ్లేముందు ఆడవాళ్లు ఇనుప తలుపు మీద రెండుసార్లు తట్టాలి. ఆయన కంట్రోల్, జెడ్ కలిపి నొక్కుతాడు. దాంతో ప్రోగ్రాం చావదు, ఉన్నచోటే ఆగుతుంది. వాళ్లు బయటికొచ్చాక ఎఫ్‌జి అని కొడితే మళ్లీ నడుస్తుంది. ఆయన ఉన్నన్నాళ్లూ ఇది ఒక్కరోజు కూడా తప్పలేదు.

కిడ్నీ జబ్బుతో ఆయన పోయాడు. కంప్యూటరు ముందు ఆయన కుర్చీ కూతురు ఈశ్వరమ్మకిచ్చారు. భర్త లేడు, ఇద్దరు పిల్లలు. ఆ జీతమే ఇంటికి ఆధారం.

నెల తిరక్కుండానే గొడవ మొదలైంది. మూడుసార్లు పప్పు సగం పచ్చిగా వచ్చింది. మూడుసార్లూ ప్రోగ్రాం ఆగి ఉంది. ఈవిడే కంట్రోల్ జెడ్ నొక్కి, మళ్లీ నడపడం మరిచిపోయిందని తేల్చేశాను.

"నేను నొక్కనేదు బాబూ. అప్పుడు తూకం కాడున్నాను" అంది.

అబద్ధమనుకున్నాను. ఫ్యాక్టరీ షావుకారుతో అదే చెప్పాను. రేపట్నుంచి రావద్దన్నాడు. ఆమె టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్లిపోయింది.

ఆమె లేకపోతే ఆగదని చూపించడానికి మర్నాడు పొద్దున్న నేనే కూర్చున్నాను. ప్రోగ్రాంను డీబగ్గర్ కింద నడిపాను. డీబగ్గరంటే తప్పులు పట్టే ప్రోగ్రాం. ఆపమని ఏ సంకేతం వచ్చినా ముందు దాని చేతిలో పడుతుంది, అది నాకు చూపిస్తుంది. సంకేతం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఫైల్లో రాసే ఏర్పాటు కూడా చేశాను. ఆ కంప్యూటరుకి ఇంకే కంప్యూటరుతోనూ సంబంధం లేదు. చివరికి కీబోర్డు వైరు కూడా ఊడదీసి ఒళ్లో పెట్టుకున్నాను.

పదకొండు దాటాక ప్రోగ్రాం ఆగింది. తెర మీద కారణం ఉంది. కంట్రోల్ జెడ్ నొక్కితే వచ్చే సంకేతమే.

నాకు భయం వేయలేదు, కోపం వచ్చింది. ఈశ్వరమ్మ ఎవరిచేతో ఏదో చేయించిందనుకుని బల్ల కిందా, గోడ పక్కనా వెతికాను. ఏమీ లేదు. మళ్లీ నడిపిద్దామని కీబోర్డు తగిలిస్తుంటే వేడిగది తలుపు తెరుచుకుంది. నీలమ్మ అనే కూలీ తల మీద ట్రేతో బయటికొచ్చింది, ఒళ్లంతా చెమట.

తట్టకుండా ఎందుకెళ్లావని కసిరాను.

"రెండుసార్లు తట్టేను బాబూ. హీటర్లు ఆగిపోనాయి కదా, నువ్వే ఆపినావనుకున్నాను."

జీడిగింజల గుల్లలు పగలగొట్టే చప్పుడులో నాకు వినబడలేదు. అడిగితే, ముందు మూడుసార్లూ ఎవరో ఒకరు అలాగే తట్టి లోపలికెళ్లారట. ఈశ్వరమ్మ నిజంగానే తూకం దగ్గరుంది. ఆగిందని తెలియని మనిషి మళ్లీ ఎలా నడుపుతుంది?

డీబగ్గర్ పట్టి ఉంచిన సంకేతాన్ని ప్రోగ్రాంలోకి వదిలి, అది రాసిన ఫైలు తెరిచాను. ఇంకో ప్రోగ్రాం ఆపి ఉంటే దాని నంబరు ఉండాలి. సున్నా ఉంది. కీబోర్డు నుంచి వస్తే పడేది సున్నాయే.

కంప్యూటరు లోపల ఏదో వైరు లూజై ఉంటుందని తర్వాత చాలామంది అన్నారు. వేడిగదిలోకి మనిషి వెళ్లేటప్పుడే లూజయ్యే వైరును నేనింతవరకు చూడలేదు.

ఆ సాయంత్రం ఈశ్వరమ్మ ఇంటికెళ్లి, తప్పు నాదేనని చెప్పాను.

"మరి ఎవులు ఆపేరు బాబూ?" అంది.

షావుకారుతో మాట్లాడి ఆమెను మళ్లీ పనిలోకి రప్పించాను. వచ్చింది, కానీ తండ్రి కుర్చీలో కూర్చోలేదు. దాన్ని కంప్యూటరు ముందే ఉంచి, పక్కన స్టూలు వేసుకుంది.