అంతా విన్న మనిషి

నాచారంలో ఉప్పల్ బస్సెక్కాక పక్కసీటాయన ఒక కోర్టు కాగితం నా చేతికిచ్చి, "ఎన్ని గంటలకు రమ్మన్నరో జర సూడు సార్" అన్నాడు. పదిన్నరకని చెప్పాను. తర్వాత నేను అడగకుండానే తన సంగతి చెప్పుకొచ్చాడు.

ఆయన ఒక మందుల కంపెనీలో ఎలక్ట్రీషియన్. కొత్త మందు తయారీ వివరాలు పోటీ కంపెనీకి చేరవేస్తోందని మేనేజరుకు ల్యాబ్‌లో పనిచేసే ఒక మేడం మీద అనుమానం వచ్చింది. ఆమె గదిలో స్విచ్‌బోర్డు లోపల ఈయన చేత మైకు పెట్టించి, వినే పని కూడా ఈయనకే అప్పగించాడు.

"నెల దినాలు విన్న సార్. దొంగతనం ముచ్చట ఒక్కటి లేదు. ఆమెకు క్యాన్సరట, ఇంట్ల ఎవ్వరికీ చెప్పలే. అందరు క్యాంటీన్‌కు పోయినంక దోస్తుకు ఫోన్ జేసి ఏడ్సేది."

మైకు బయటపడ్డాక ఆమె పోలీసులకు ఫిర్యాదు చేసింది. మేనేజరు తనకేమీ తెలియదన్నాడు. మైకు కొన్న బిల్లు ఈయన పేరు మీద ఉండటంతో కేసు ఈయన మీదే పడింది.

"మొన్న ఎదురుపడి, 'అన్నా, నా ఏడుపు గూడ విన్నవా?' అనడిగింది. లేదమ్మా, మైకు పన్జెయ్యలేదని అబద్ధం చెప్పిన. ఆమె మొఖం జర తేటపడ్డది. మేనేజర్ వినమన్నడని చెప్తెనే నేను బయటపడ్తనని వకీల్ అంటుండు. గట్ల చెప్తే ఆమె ముంగట నేను విన్నట్టు ఒప్పుకున్నట్టే గద సార్. ఇయ్యాల కోర్టుల ఆమె గూడ ఉంటది."

ఉప్పల్‌లో ఆయన దిగి జనంలో కలిసిపోయాడు. కోర్టులో ఏం చెప్పాడో నాకు తెలియదు.

ఆఫీసులో ఎవరైనా గొంతు తగ్గించి ఫోన్లో మాట్లాడుతుంటే, ఇప్పటికీ లేచి బయటికి వెళ్లిపోతాను.